కంచం మీద పేరు

మా అమ్మాయిని బడి మాన్పించామని చెప్పగానే జగదల్‌పూర్‌లో ఎవరైనా ముందు అడిగేది, "అయ్యో, ఒంట్లో బాగోలేదా?" అని. బాగానే ఉందంటే, "ఫీజులు ఎక్కువా?" అంటారు. అదీ కాదంటే ఇక నన్ను చూసే చూపు మారిపోతుంది. మొదట్లో నేను ఊరుకునేదాన్ని కాదు. పిల్లలకు నేర్పక్కర్లేదనీ, వాళ్లంతట వాళ్లే నేర్చుకుంటారనీ బజార్లో నిలబెట్టి మరీ చెప్పేదాన్ని. పాపం, కూరగాయల సంచీ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటూ వినేవాళ్లు. తర్వాత్తర్వాత, "ఇంట్లోనే చదువుకుంటోందండీ" అని తప్పించుకోవడం అలవాటు చేసుకున్నాను. అది పచ్చి అబద్ధం. పోయినేడు దసరా మొదలయ్యేనాటికి దానికి తొమ్మిదేళ్లు, ఒక్క అక్షరం చదివేది కాదు.

బడి మాన్పించడం మేం కూర్చుని ఆలోచించి చేసిన పని కూడా కాదు. బళ్లో పుస్తకం ఇంగ్లిష్, పంతులమ్మ చెప్పేది హిందీ, వీధిలో ఆటలు ఇక్కడివాళ్ల భాష హల్బీలో. ఇంట్లో తెలుగు, అదీ రెండు రకాలు. మా అమ్మానాన్నలు కోస్తా నుంచి గనుల టౌన్‌షిప్‌కి వచ్చినవాళ్లు, నాది వాళ్ల తెలుగు. మా అత్తయ్యది రాష్ట్రం సరిహద్దున ఉన్న కుంట ఊరి తెలుగు. ఇంగ్లిష్ తప్ప మిగతా మూడు భాషల్లోనూ గలగలా వాగే పిల్ల బడికి వెళ్లిన ఆర్నెల్లలో మూడింటిలోనూ నోరు మూసుకుంది. పొద్దున లేస్తే కడుపునొప్పి. ఒకరోజు ఆటోలోనే వాంతి చేసుకుంటే ఆటో అతను సగం దారిలోంచి వెనక్కి తెచ్చి దింపి వెళ్లాడు. మా ఆయన దాని ఒళ్లు కడిగి, పొడి బట్టలు తొడిగి, "ఇయ్యాల్టికి వద్దులే" అన్నాడు. ఆ ఇవాళ రెండేళ్లు సాగింది.

పెళ్లికి ముందు నేనూ ఒక ప్రైవేటు బళ్లో రెండేళ్లు పాఠాలు చెప్పాను. చదువుకునే రోజుల్లో క్లాసులో ఎప్పుడూ మొదటిదాన్నే. కాబట్టి నా కూతురికి చదువు రాదన్న మాట పైకి నవ్వుతూ చెప్పేదాన్నే గానీ, లోపల నన్ను పురుగులా తొలిచేది. దాని తమ్ముడు ఆరేళ్లవాడు, వాడి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అందరి కళ్లూ దాని మీదే.

హరేలీ అమావాస్య నాడు, అంటే మన ఆషాఢ అమావాస్య నాడు, మధ్యాహ్నం భోజనాల దగ్గర అత్తయ్య మజ్జిగ పోసుకుంటూ మొదలుపెట్టింది.

"ఏంది కోడలా, ఇది ఇట్లనే పెరుగుతదా? ఆడపిల్ల. రేప్పొద్దున ఎవడో కాయితం ముందలబెట్టి ఏలుముద్ర ఎయ్యమంటే ఎయ్యాల్నా? దసరా దాంక జూస్త. దసరా అయినంక నా ముందల చదివి చూపియ్యాలె. చదవకుంటే బడికి పంపుడే. మావోడు గూడ ఒప్పుకున్నడు."

మావోడు, అంటే మా ఆయన, కంచంలో తలపెట్టి పప్పు కలుపుతూనే ఉన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ మంటలో ఉండగానే ఇంకొకటి తట్టింది. మా పుట్టింటి లెక్కలో దసరా పదిరోజులు. ఇక్కడ డెబ్భై అయిదు రోజులు, అది సరిగ్గా ఆ పొద్దున్నే అమ్మవారి గుడి ముందు రథానికి తెచ్చిన దుంగకు పూజ చేసి మొదలుపెట్టారు. పిల్లలిద్దరూ వెళ్లి చూసి కూడా వచ్చారు. అంటే రెండున్నర నెలలు గడువు దొరికిందన్నమాట. పండగ మొదలైంది కదా, పదిరోజుల్లో తేలిపోతుందని గడువు పెట్టింది గానీ, పెద్దావిడ ఈ డెబ్భై అయిదు రోజుల సంగతి మరిచిపోయి ఉంటుందిలే అని లోలోపల సంబరపడ్డాను. ఆవిడ ఏదీ మరిచిపోదని పదేళ్ల కాపురంలో నాకు తెలిసి ఉండాల్సింది.

పిల్లలకు నేర్పక్కర్లేదన్న నా మాట మర్నాడే నేను తప్పాను. మధ్యాహ్నం గది తలుపు దగ్గరకు వేసి, మా అమ్మ చేత తెప్పించుకున్న ఒకటో తరగతి తెలుగు వాచకం తీశాను. అత్తయ్య చదవమనేది తెలుగే కదా అని నా తెలివి. పిల్ల బుద్ధిగా కూర్చుంది. ఇవాళ వచ్చిన అక్షరం రేపటికి పోయేది. రేపు దాన్ని పట్టుకుంటే ఎల్లుండికి ఇంకోటి జారిపోయేది. నా గొంతు రోజుకొక మెట్టు ఎక్కింది. మూడోవారంలో ఒకరోజు పొట్ట పట్టుకుని, "అమ్మా, కడుపు నొస్తంది" అంది. ఆ నొప్పి ఏమిటో నాకు తెలుసు. రెండేళ్ల కిందట ఆ నొప్పి కోసమే బడి మాన్పించాం. అయినా, "ఈ పేజీ అయ్యాక" అన్నాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది. పేజీ కాలేదు. పుస్తకం విసిరికొట్టాను, అది గోడకు తగిలి అట్ట ఊడింది, చిన్నవాడు ఏడుపు అందుకున్నాడు. అమ్మాయి మాత్రం ఏడవలేదు. అట్ట తెచ్చి నా పక్కన పెట్టి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి అది మధ్యాహ్నాలు నా ఛాయలకు రావడం మానేసింది.

పొద్దున పూట రథం చేసే చోటికి పోయేది. ఊళ్ల నుంచి వచ్చిన వడ్రంగులు బాడిసలతో చక్రాలు చెక్కుతుంటే గంటలకొద్దీ నిలబడి చూసేది. చక్రం ఇంత గుండ్రంగా ఎట్లా వస్తుందని హల్బీలో అడిగిందట. వాళ్లలో ఒకాయన మేకుకు తాడు కట్టి నేల మీద గీసి చూపించాడట. ఇక మా పెరట్లో బట్టలు ఆరేసే తాడు ఊడిపోయింది. నేల నిండా చిన్నవీ పెద్దవీ గుండ్రాలు. తడి బట్టలు చేతిలో పట్టుకుని నేను వాటి మధ్య నిలబడి, ఇన్ని వస్తాయి గానీ అక్షరం ఒక్కటే రాదేమిటే తల్లీ అనుకునేదాన్ని.

అన్నం తిన్నాక కొన్నాళ్లు అత్తయ్య దగ్గర చేరేది, కొన్నాళ్లు తండ్రి వెంట దుకాణానికి పోయేది. అత్తయ్యకు ఆ యేడు పాత గిన్నెల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. పండక్కి తోమాలంటూ అటక మీది ఇత్తడి సామానంతా దింపించింది. దుకాణానికి పోని రోజుల్లో వెనక వసారాలో చింతపండు ముద్ద పెట్టుకుని అమ్మాయీ ఆవిడా కూర్చునేవాళ్లు. ఒక్కో చెంబు తోమడానికి పూటంతా పట్టేది. గుసగుసలు, మధ్యలో నవ్వులు వినిపించేవి. నేను అటు వెళితే మాట ఆగిపోయేది. ముసలావిడ నా మీద చాడీలు చెబుతోందనే అనుకున్నాను. నా బుద్ధి అప్పుడు అలా ఉంది.

మాది గిన్నెల దుకాణం. కొన్న గిన్నె మీద పేరు కొట్టించుకోవడం మనవాళ్లందరికీ అలవాటే. పెళ్లికి చదివించే బిందె మీద, గృహప్రవేశంలో పంచే పళ్లెం మీద, ఆఖరికి గరిటె కాడ మీద కూడా ఇచ్చినవాళ్ల పేరు ఉండాల్సిందే. లేకపోతే ఇచ్చినట్టే కాదు. అందుకోసం దుకాణంలో పెన్నులాంటి చిన్న మిషన్ ఉంటుంది. స్విచ్ వేస్తే జుయ్యిమంటూ చుక్క చుక్కగా అక్షరాలు పొడుస్తుంది. మా ఆయన హిందీలో కొడతాడు, తెలుగువాళ్లు వస్తే తెలుగులో కొడతాడు, అవసరమైతే కాగితం మీద రాయించుకుని ఒడియాలోనూ కొడతాడు. చొట్టపడ్డ పాత పళ్లేలు ఒకటి రెండు అమ్మాయి చేతికిచ్చి, ఆడుకోనిచ్చేవాడట. దానికి బొమ్మలు వేసుకోవడం ఇష్టం కదా అనుకున్నాడు ఆయన కూడా.

దసరా చివరికొచ్చింది. పెద్ద రథం కదలడానికి ఇంకా మూడు రోజులున్నాయి. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మా ఆయన సంచీలోంచి ఒక స్టీలు కంచం తీసి నా ముందు పెట్టాడు. పక్కనున్న నగర్‌నార్ నుంచి ఒక తెలుగు కుటుంబం వాళ్లు గృహప్రవేశానికని కంచాలు ఆర్డరిచ్చారట. వాళ్లు తీసుకెళ్లేటప్పుడు ఒక్కొక్కటీ తిప్పి చూసుకుంటే, ఒకదాని మీద వాళ్ల పేరు లేదట. వేరే ఎవరిదో ఉందట. వాళ్లు నవ్వి ఊరుకున్నారు, ఇంకో కంచం ఇచ్చి పంపాడు.

కంచం దగ్గరకు తీసుకున్నాను. చుక్కలు ఒకచోట ఎక్కువ లోతుగా, ఒకచోట అసలు పడకుండా ఉన్నాయి. అక్షరాలు వరుస తప్పి అంచు పైకి పాకాయి. అయినా చదవొచ్చు. తెలుగులో, మా అత్తయ్య పేరు.

అమ్మాయి నాయనమ్మ వెనక్కి వెళ్లి చీర కొంగు పట్టుకుంది.

నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. గెలిచాననుకున్నాను. గెలుపే అది, ఇంకో మాట లేదు నాకు. "అత్తయ్యా! దసరా దాకా అన్నారుగా, ఇంకా మూడు రోజులుండగానే చూడండి మీ మనవరాలు ఏం రాసిందో! చదవండి, మీరే చదవండి!" అంటూ కంచం ఆవిడ చేతుల్లో పెట్టాను.

ఆవిడ కంచం అటూ ఇటూ తిప్పింది. "అద్దాలు లేంది ఏం కనపడ్తది," అంది.

అద్దాలు ఆవిడ ముక్కు మీదే ఉన్నాయి.

అమ్మాయి కొంగు చాటు నుంచే మెల్లగా అంది, "నాయనమ్మకు చదువు రాదమ్మా. నీకు చెప్పద్దన్నది."

నేను మా ఆయన వంక చూశాను. "నీకు తెల్వదని నాకు తెల్వదు," అన్నాడు. ఆయన నిజమే చెప్పాడు. మా ఇంటికి తెలుగు పేపరు రాదు. బ్యాంకు పనులకు ఆయనే తీసుకెళతాడు. మందుల చీటీ నాకిచ్చి, "చూడు బిడ్డా, కళ్లు మసకలు," అనేది ఆవిడ. పదేళ్లూ నేను చూసి పెట్టాను. పిల్లలు ఎలా నేర్చుకుంటారో ఊరందరికీ చెప్పినదాన్ని, ఒకే కప్పు కింద ఉన్న మనిషికి చదువు రాదని కనుక్కోలేకపోయాను. ఏలుముద్ర అని ఆవిడ అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది.

అత్తయ్యే తేరుకుంది. వసారాలో బోర్లించిన చెంబులూ బిందెలూ చూపించింది. "గివన్ని నా పెండ్లప్పటియి. ఎవరు ఏది పెట్టిన్రో నాకేం యాదికుంటది? అడిగిన బిడ్డను, జర చూసి చెప్పుమని. మొదలు దానికీ రాలే. మీ నాయినను అడిగిరాపోమన్న. చెంబు పట్టుకపోయి అడిగొచ్చి చెప్పేది, వాడు అదేదో ఆట అనుకున్నడు. ఒక గిన్నె మీద ఉన్న అచ్చరం ఇంకో గిన్నె మీద దొరికితే ఎగిరేది. నెల దాటింది, ఇప్పుడన్ని అదే చదువుతంది. నా తమ్ముని పేరు ఉన్న గుండిగ దొరికింది చూడు, వాడు పోయి ఇరవై ఏండ్లాయె..." అంటూ ఆగి, పైట చెంగుతో ముక్కు తుడుచుకుంది.

"నెల దాటిందా?" అన్నాను. "మరి నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా?"

ఆవిడ అమ్మాయి వంక చూసింది. అమ్మాయి తల దించుకుంది.

"అదే వద్దన్నది," అంది అత్తయ్య. ఆవిడ గొంతులో దెప్పు లేదు, అదే నాకు ఎక్కువ బాధేసింది. "అమ్మకు చెప్తే మళ్ల పుస్తకం పట్టుకొని ఎంబడి పడ్తది, మళ్ల నాకు కడుపు నొస్తదన్నది. నా ముచ్చట అది చెప్పద్దు, దాని ముచ్చట నేను చెప్పద్దు. గట్ల ఒప్పుకున్నం ఇద్దరం."

మా ఆయన చేతులు కడుక్కునే వంకతో పెరట్లోకి వెళ్లిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. పిల్లకు చదువొచ్చిందన్న సంతోషమూ ఉంది, నా దగ్గర దాచుకోవాల్సి వచ్చిందన్న దుఃఖమూ ఉంది. దాన్ని దగ్గరకు తీసుకుందామంటే వస్తుందో రాదో అని భయం వేసింది. కాసేపటికి అదే వచ్చి నా మోకాలికి ఆనుకుని నిలబడింది.

"మరి నాయనమ్మ పేరే ఎందుకు కొట్టావు?" అని అడిగాను.

"అన్ని గిన్నెలు చూసినం. అందరి పేర్లు ఉన్నయి. నాయనమ్మది ఒక్కదాని మీద గూడ లేదు," అంది.

బడి సంగతి ఎత్తడానికి నాకు ధైర్యం చాల్లేదు. అత్తయ్యే ఎత్తింది. "దసరా అయినంక చూద్దమన్న గదా. ఇగ చూసేది ఏముంది? దానికి బుద్ధి పుట్టినప్పుడు పోతది." అప్పుడు తెలిసింది నాకు, ఆవిడ గడువు పెట్టినరోజు ఏ దసరా గురించి మాట్లాడిందో, పదిరోజులది కాదు, డెబ్భై అయిదు రోజులది. అన్ని రోజులూ లెక్క తెలిసే ఇచ్చింది.

ఆ కంచం కడిగి అత్తయ్యకు అందులోనే అన్నం వడ్డించాను. ఆవిడ తినడం మొదలుపెట్టలేదు. అంచున చూపుడువేలు పెట్టి చుక్కల వెంట మెల్లగా జరుపుతోంది. మనవరాలు పక్కన చతికిలబడి ఆ వేలు పట్టుకుంది.

"ఇది మొదటిది. నీ పేరు ఇక్కడ షురూ అయితది."

వేలు రెండో అక్షరం దగ్గరకు వచ్చేసరికి నాకు కనిపించింది, అక్కడ ఒక కొమ్ము తక్కువైంది. పంతులమ్మ నాలో లేచి కూర్చుంది. మాట పెదాల దాకా వచ్చింది. చారు గరిటె గట్టిగా పట్టుకుని, నోరు మూసుకుని నిలబడ్డాను. ఆ రెండున్నర నెలల్లో మా అమ్మాయి చదువు కోసం నేను చేసిన మంచి పని అదొక్కటే.