తలుపు మీది మాట

పరీక్ష పేపర్లు దిద్దడానికి వరంగల్ వెళ్లినప్పుడు కాజీపేటలో మేరమ్మగారింట్లో వారం రోజులు అద్దెకున్నాను. వాళ్ల వీధి తలుపు మీద, బాగా ఎత్తులో, సుద్దముక్కతో ఇంగ్లీషులో ‘ఓవర్‌మారో’ అని రాసి ఉండేది. ఇరవై ఏళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను, అలాంటి మాట ఎక్కడా వినలేదు. చివరి రోజు ఉండబట్టలేక, “ఆ మాట తప్పమ్మా, చెరిపెయ్యనా?” అన్నాను.

“అయ్యో, వద్దు బిడ్డా!” అంటూ ఆమె తలుపుకు అడ్డం వచ్చింది. “మా ఆయన రైల్వేల గార్డు. డ్యూటీకి పోయేటప్పుడల్లా గా మాట రాసి పోతుండె. ఎల్లుండి వస్తనని దానర్థమట. ఏదో పాత డిక్షనరీల దొరికిందట. నాకు ఇంగ్లీషుల వచ్చేది గా ఒక్క మాటనే. ఆయన సచ్చిపోయి నాలుగేండ్లాయె. మాసినప్పుడల్లా నేనే దిద్దుతున్న.”

ఫోన్‌లో వెతికాను. మాట నిజమే, అర్థమూ అదే. ఇంగ్లీషువాళ్లే దాన్ని ఎప్పుడో వదిలేశారు.

తప్పు నాదేనన్నాను. ఆమె నవ్వి, లోపలి నుంచి సుద్దముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది.

“ఆయన పొడుగు మనిషి. మోకాళ్ల నొప్పులకు నాకిప్పుడు స్టూలెక్కరాదు. జర నువ్వే దిద్దు బిడ్డా.”

మునివేళ్ల మీద లేచి, ఒక్కో అక్షరాన్నీ ఆయన రాసినట్టే దిద్దాను.