కరెంటు అడిగి పోయింది

కంప్యూటర్‌లో కొత్తగా వేయించిన డిస్క్ కనిపించడం లేదని ఈ మధ్యాహ్నం నరసరావుపేటలో షకీలా అక్క రిపేరు షాపుకు తీసుకెళ్లాను. మదర్‌బోర్డులోని బయోస్, అంటే కంప్యూటర్‌ను మొదట లేపే ప్రోగ్రాం, పాతదట, పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి అప్‌డేట్ చేయాలంది. మధ్యలో కరెంటు పోతే బోర్డే పనికిరాకుండా పోతుందట.

అక్క పెన్‌డ్రైవ్ పెట్టి, పని మొదలుపెట్టే ముందు లైన్‌మన్‌కు ఫోన్ చేసింది.

“అన్నా, ఓ పావుగంట మా వీధి లైను తియ్యమాక. బయోస్ ఎక్కిస్తన్నా.”

“యూపీఎస్ ఉందిగా అక్కా?” అన్నాను.

“దాని బ్యాటరీ ఎప్పుడు చేతులెత్తేసిద్దో తెలవదు. అన్న మాత్రం మాట తప్పడు.”

తెర మీద అంకె నూరుకు చేరేదాకా ఆమె కుర్చీలోంచి కదల్లేదు, నన్ను బల్ల ముట్టుకోనివ్వలేదు. మళ్లీ ఆన్ చేస్తే డిస్క్ కనిపించింది! కంప్యూటర్ ఆపేస్తుండగా ఫోన్ మోగింది. స్పీకర్‌లో లైన్‌మన్ గొంతు.

“అయిపోయిందా షకీలమ్మా? స్తంభం దగ్గరే నుంచున్నా. ఇక తీసేదా?”

“తీసుకో అన్నా.”

మా తల మీద ఫ్యాను ఆగిపోయింది.

ఇన్నేళ్లలో కరెంటు చెప్పి పోవడమే నేనెరగను. ఈ రోజు అడిగి మరీ పోయింది. మీ వీధిలో అంత పలుకుబడి ఎవరికుందో చెప్పండి.