కెజయా పెళ్ళికి అడ్డొచ్చిన సెనేటు

కెజయా క్లెండానియల్ రెండో పెళ్ళి ఆగిపోవడానికి కారణం సెనేటు. నవ్వకండి. మా రాష్ట్ర రాజధాని డోవర్‌లో ఎవరిని నిలబెట్టి అడిగినా ఈ మాటే చెప్తారు.

ఆ రోజుల్లో అమెరికా సెనేటర్లను ఎన్నుకునే పని జనానిది కాదు, రాష్ట్ర శాసనసభది. మా డెలావేర్ గుప్పెడంత రాష్ట్రం. సభ్యులందరూ కలిసి కూర్చున్నా ఒక పంక్తి భోజనానికి సరిపోతారు. అయినా ఒక్క పేరు మీద ఏకాభిప్రాయం కుదిరి చస్తేనా! ఒక పార్టీ రెండు ముక్కలై ఒకదాన్నొకటి పీక్కుతింటుంటే, రెండో పార్టీ పక్కన కూర్చుని వినోదం చూసేది. వాషింగ్టన్‌లో మా కుర్చీలు ఖాళీగా పడి ఉన్నాయి. చట్టం మాత్రం చట్టమే. ఎవరో ఒకరు గెలిచేదాకా, సభ జరిగే ప్రతిరోజూ మధ్యాహ్నం పన్నెండింటికి పేరుపేరునా పిలిచి ఓటు అడగాల్సిందే.

సభకు ఎదురింట్లో కెజయా సభ్యులకు గదులు అద్దెకిచ్చి వండిపెట్టేది. మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. చేతి వంట ఎంత కమ్మనో నోరు అంత కారం. ఆ ఏడు ఆమె ఇంట్లో దిగినవాళ్ళలో పర్నెల్ హిచెన్స్ ఒకడు. జాబెజ్ వాపుల్స్‌నే సెనేటర్ని చెయ్యాలని పట్టుబట్టిన ముక్కవాడు. పీచ్ తోటల రైతు, ఒంటిగాడు, రాజకీయం మాట రానంతవరకూ మహా నెమ్మదస్తుడు. అడక్కుండానే ఆమెకు కట్టెలు కొట్టిపెట్టేవాడు. ఒక ఆదివారం వంటింట్లో సిగ్గుపడుతూ ఉంగరం బయటికి తీస్తే, కెజయా కూడా సిగ్గుపడి సరేనంది. ఆమె సిగ్గుపడటం ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు.

అక్కడితో ఆగుంటే బాగుండేది. ఆ సాయంత్రం భోజనాల దగ్గర ట్రూయిట్ ఉన్నాడే, అవతలి ముక్కవాడు, వాడు కెలికాడు.

"ఏమయ్యా హిచెన్స్, పెళ్ళి తొందరగా కానివ్వు. మీ వాపుల్స్ సెనేటరయ్యేలోపు నీకు మనవలు కూడా పుట్టేస్తారు!"

పర్నెల్ మొహం కందగడ్డయింది. బల్ల మీద గుద్దాడు. గిన్నెలన్నీ ఎగిరిపడ్డాయి.

"జాబెజ్ వాపుల్స్ సెనేటరయిన రోజే నా పెళ్ళి! అంతదాకా ఉంగరం జేబు దాటదు. ఒట్టు!"

కెజయా చేతిలో అప్పుడే పొయ్యి మీంచి దించిన నీటి ఎలుక కూర ఉంది, మా వైపు లొట్టలేసుకుని తినేది. అది అతని నెత్తిన బోర్లించలేదంటే ఆమె మంచితనమే అనుకోవాలి.

"పెళ్ళికూతుర్ని నేను. నన్నొక్క మాట అడగొద్దటయ్యా?" అంది.

"అబ్బ, ఎన్నాళ్ళు పడుతుంది కెజయా! రెండు వారాల్లో తేలిపోతుంది."

తేలలేదు. మంచు కరిగింది, రోడ్లన్నీ బురదయ్యాయి, తేలలేదు. రోజూ మధ్యాహ్నం ఆమె కిటికీ తెరిచి చెవులు రిక్కించేది. "జాబెజ్ వాపుల్స్!" అని పర్నెల్ పెట్టే కేక వీధి చివరిదాకా వినబడేది. ఆ తర్వాత లెక్క, ఆ తర్వాత ఎవరూ గెలవలేదన్న ప్రకటన. కెజయా కిటికీ ధన్‌మని మూసేది. చర్చిలో ఆడవాళ్ళు పలకరింపుగా "మీ వాపుల్స్ గారు ఎంతవరకొచ్చారు?" అనడం మొదలుపెట్టారు. ఆమెకు తల కొట్టేసినట్టుండేది.

సభకు ఆఖరి రోజొచ్చింది. ఇంట్లో కూర్చోలేక కెజయా వెళ్ళి సభలో, చూడవచ్చినవాళ్ళు కూర్చునే పైమెట్ల మీద కూర్చుంది. యథాప్రకారం ఎవరూ గెలవలేదు. అందరూ టోపీలు వెతుక్కుంటుంటే ట్రూయిట్ లేచాడు.

"అధ్యక్షా! ఈ సభ ఒక్క పనీ చెయ్యలేదన్న అప్రతిష్ఠ మనకొద్దు. పర్నెల్ హిచెన్స్ గారిని ఆయన ఒట్టు నుంచి విడుదల చెయ్యాలని నా ప్రతిపాదన."

సభ గొల్లుమంది. అధ్యక్షుడు కూడా కెజయా చేతి వంట తిన్నవాడే కదా, వెంటనే పేర్లు పిలవమన్నాడు. "అవును." "అవును." బద్ధశత్రువులు కూడా "అవును" అంటున్నారు. ఇన్నేళ్ళలో ఈ సభ ఒక్కమాట మీద నిలబడటం ఇదే మొదలు. కెజయా ముందున్న కమ్మీ గట్టిగా పట్టుకుంది. ఈ పెళ్ళి ఆమెకు కావాలి. ఎంత కావాలో ఆ క్షణంలో తెలిసొచ్చింది.

"పర్నెల్ హిచెన్స్!"

అతను లేచాడు. ఛాతీ విరిచాడు. రోజూ ఎలా అరిచేవాడో అలాగే అరిచాడు.

"జాబెజ్ వాపుల్స్!"

ఇక చూడాలి ఆ సభను! పొట్టలు పట్టుకున్నవాళ్ళు, బల్లల మీద పడి దొర్లినవాళ్ళు. పర్నెల్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "అయ్యో, అలవాటులో వచ్చేసిందయ్యా! అవును! నాది అవునని రాసుకోండి!" అని మొత్తుకున్నాడు.

కెజయా నవ్వలేదు. లేచి నిలబడింది. ఆడవాళ్ళకు ఓటే లేని రోజులు, ఇక సభలో నోరెత్తడమా!

"అధ్యక్షులవారూ, అందరి పేర్లూ పిలిచారు. పెళ్ళి నాది. నా పేరు పిలవరేం?"

నవ్వులు ఆగిపోయాయి. అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "చెప్పండి కెజయమ్మ గారూ, మీ ఓటు?"

"కాదు! మళ్ళీ ఓటింగు రేపు మధ్యాహ్నం పన్నెండింటికి, మా వంటింటి గుమ్మం దగ్గర. తేలేదాకా ప్రతిరోజూ. ఈ చట్టం మీరు పెట్టుకున్నదే!"

సభ్యులంతా ఇళ్ళకు పోయారు. పర్నెల్ పోలేదు. తోట తమ్ముడికి అప్పగించి, ఊళ్ళో గుర్రాల సాలలో పనికి కుదిరాడు. రోజూ పన్నెండయ్యేసరికి టోపీ చేత్తో పట్టుకుని గుమ్మం ముందు హాజరు.

"కెజయా, నన్ను చేసుకుంటావా?"

"చేసుకోను. వెళ్ళి వాపుల్స్ గారినడుగు."

వానొచ్చినా వచ్చాడు. తోటలో పీచ్ పూత విరగబూసి రాలిపోయింది, అది కూడా చూసుకోలేదు. కెజయా రోజూ కాదంటూనే ఉంది. తలుపేసుకున్నాక కాసేపు ఏడ్చేది, అది ఎవరికీ తెలీదు. అతనికి తను కావాలో, పంతం నెగ్గడం కావాలో ఎలా తేలుతుంది?

ఎండలు మండిపోతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం పర్నెల్ చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. చర్చి గంట మొదలైంది. అంతలో, ఏదో పనిమీద ఊళ్ళోకొచ్చిన ట్రూయిట్ పత్రిక ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"హిచెన్స్! విన్నావా? మీ వాపుల్స్ చేతులెత్తేశాడు! ఇక జన్మలో సెనేటుకు నిలబడడట!"

వీధి వీధంతా ఆగి చూసింది. కెజయా పర్నెల్ మొహంకేసే చూస్తోంది. అతను వెనక్కి తిరగనైనా తిరగలేదు. చేత్తో ఈగను తోలినట్టు తోలాడు.

"నీ గోల తర్వాతయ్యా! పన్నెండు కొడుతోంది. ఆవిడేమంటుందో వినబడదు."

"చేసుకుంటాను," అంది కెజయా. అతనికి గంట మోతలో వినబడదేమోనని, వీధి చివరిదాకా వినబడేలా మళ్ళీ అరిచి చెప్పింది.