తీసేయమన్న కవిత

ఆసుపత్రి లాండ్రీలో పద్దెనిమిదేళ్లుగా దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్న మనిషికి పుస్తకం అచ్చయిందంటే ఎవరు నమ్ముతారు? కట్టుకున్న మొగుడే నమ్మలేదు. అట్ట మీద పేరు వేలితో తడిమి చూసి, "నిజంగా నువ్వేనా?" అన్నాడు. "కాదు, పక్కింటావిడ" అంది. లాండ్రీలో ఆమెను కవిగారనే పిలుస్తారు. మొదట్లో వెటకారానికే పెట్టిన పేరది, పోనుపోను ఖాయమైపోయింది.

ఆవిష్కరణ సభ ఆదివారం, గ్రంథాలయంలో. వచ్చే నెల కాలేజీలో ఒకటి, కార్మికుల హాల్లో ఇంకొకటి. మూడు చోట్లా కవితలు ఆమే చదవాలి. లాండ్రీ తలుపుకి తోటివాళ్లు పోస్టరు అంటించారు. అది మేనేజరు కంట పడింది.

శుక్రవారం తన గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. అప్పుడే ఆమెకు అనుమానం వచ్చింది. ఆయన ఏనాడూ ఎవరినీ కూర్చోమన్న పాపాన పోలేదు.

"పుస్తకం బాగుంది. సభల్లో ఆ పన్నెండో పేజీ మాత్రం చదవకండి."

పన్నెండో పేజీలో ఉన్నది పిన్ని చెయ్యి మీద రాసిన కవిత. అదే లాండ్రీలో పనిచేస్తూ ఆమెను ఈ పనిలో పెట్టించింది ఆ పిన్నే. మూడేళ్ల కిందట ఇస్త్రీ రోలరుకి అడ్డుండే రేకు ఊడిపోయింది. ఎన్నిసార్లు చెప్పినా బిగించలేదు. పిన్ని కుడిచెయ్యి లోపలికి పోయింది. రిజిస్టరులో మాత్రం 'కార్మికురాలి అజాగ్రత్త' అని రాశారు. రాసిన మహానుభావుడు ఈయనే!

"చదివితే?"

"మీ ఉద్యోగం గురించి ఆలోచించాల్సొస్తుంది."

ఇంట్లో చెబితే మొగుడు తల పట్టుకున్నాడు. "ఒక్కటేగా! మిగతా నలభై చదువుకోవే తల్లీ" అన్నాడు. ఉద్యోగం పోతుందని ఆమెకూ భయమే. తిన్నగా పిన్ని దగ్గరికి వెళ్లింది.

"నీ చెయ్యి, నీ ఇష్టం. వద్దంటే మానేస్తా" అంది. వద్దంటే బాగుణ్ణనే ఉంది లోపల, దాచడమెందుకు.

పిన్ని మొత్తం చదివించుకుని కస్సుమంది. "ఏడ్చానని రాశావేంటే? ఆ రోజు నువ్వు సెలవు. నేనెప్పుడు ఏడ్చాను?"

"మరి?"

"తిట్టాను! నెలరోజులు మొత్తుకున్నా, రేకు బిగించరా వెధవా అని. ఏడు తరాలనీ కలిపి తిట్టాను. అది మార్చి చదువు. ఏడిపించావో, నీ మొహం చూడను."

ఇన్నాళ్లూ పిన్ని మీద జాలిపడుతూ రాసుకున్నందుకు ఆమెకు సిగ్గేసింది. అక్కడికక్కడే అచ్చు పుస్తకంలో ఆ లైను పెన్నుతో కొట్టేసి, తిట్టు రాసింది.

ఆదివారం హాలు నిండిపోయింది. మేనేజరు ముందు వరసలో కూర్చున్నాడు. ఆమె మైకు ముందుకొచ్చి మొట్టమొదట పన్నెండో పేజీయే తీసింది.  కొట్టేసిన చోట కూడా ఆగకుండా చదివేసింది, తిట్టుతో సహా. వెనక వరసల్లో లాండ్రీ వాళ్లు బల్లలు చరిచారు. పిన్ని మాత్రం కదలకుండా, తన మాట తను వింటూ కూర్చుంది.

సంతకాల వరసలో చివర్న మేనేజరు వచ్చాడు. పుస్తకం చాపి, చుట్టూ జనం ఉన్నారు కాబట్టి నవ్వుమొహంతోనే, "రేపట్నించి పనికి రానక్కర్లేదు" అన్నాడు.

 ఆమె పుస్తకం అందుకుని సంతకం పెట్టింది. దాని కింద కాలేజీ సభ తేదీ, కార్మికుల హాలు సభ తేదీ, టైముతో సహా రాసిచ్చింది.

"ముందు వరసలోనే కూర్చోండి సార్. రేపట్నించి ఖాళీయేగా, ఇంకో నాలుగు సభలు పెట్టుకుంటాను."