ముల్లు మార్చుదామా, వద్దా?

మా పెద్దనాయన పోయినాడని నేను పనిచేసే బెంగళూరు రిపేరు అంగడికి ఫోన్ వచ్చింది. బల్ల మీద విప్పిన టేప్ రికార్డరును అట్లాగే వదిలేసి పావగడ బస్సెక్కాను. దారి పొడవునా ఒకటే గుర్తుకొచ్చింది. ఆయన అడిగినదానికి నేను జవాబు చెప్పనే లేదు.

పావగడ పక్కన నాగలమడికెలో వేరుశనగ పండించుకుని బతికినవాడు ఆయన. పంట బాగా వచ్చిన ఏడు ఇల్లు బాగుచేయించుకోలేదు, రికార్డ్ ప్లేయరు కొన్నాడు. నాటకం పద్యాలు, హరికథలు, ఒక ట్రంకు పెట్టె నిండా ప్లేట్లే. విత్తనాలకు కాయలు ఒలిచే రోజుల్లో ఆడవాళ్లు పడసాలలో వరసగా కూర్చుంటే ఆయన ప్లేటు వేసేవాడు. రాగం అందుకోగానే అందరి చేతులూ ఆగిపోయేవి. "చెవులు ఈడ పెట్టండమ్మా, చేతులు మాత్రం కాయల మీదే పెట్టండి" అని నవ్వేవాడు. వాన కోసం చూసి చూసి విసిగిన ఏడు కూడా, "మన చేతిలో ఏముండాదప్పా, ప్లేటు తిప్పేదే" అనేవాడు.

ఆ ప్లేయరు చెడిపోతే నేనే గొప్పగా స్టీరియో ప్లేయరు తెచ్చిచ్చాను. దాని మీద పాత ప్లేట్లు వేస్తే గరగర ఎక్కువైంది. ఏ పనికైనా తెలిసినవాణ్ణి అడగాలనేవాడు పెద్దనాయన. ఈ పాటపెట్టెల సంగతి తెలిసినవాణ్ణి మా ఇంట్లో నేనొక్కణ్ణే.

"పాత మోనో ప్లేట్లకని ఏరే కార్ట్రిడ్జి వస్తాదంట గదప్పా. ప్లేటు మీద ఆనే ముల్లుతో సహా మార్చాలంట. తీసుకుందామా, వద్దా?"

"చూసి చెప్తా పెద్దనాయనా. అంతవరకు ఎక్కువ ఏయొద్దు, ప్లేట్లు అరుగుతాయి" అన్నాను.

ఆ చివరి మాట తెలిసినవాడిలా కనిపించాలని అన్నదే. తర్వాత నాకే ఎటూ తేలలేదు. కొంటే పద్యం శుభ్రంగా వినిపిస్తుంది, నిజమే. కానీ అందరూ క్యాసెట్లకు మారుతున్నారు, చేలో పంట ఎండిపోతోంది, ఇప్పుడెందుకులే అనిపించేది. నేను తెచ్చిన ప్లేయరు చాలదని ఒప్పుకోవడానికి మనసు రాలేదన్నది కూడా నిజం. దాచుకుని ఏం లాభం?

ఊరికి పోయినప్పుడల్లా, "ఏమప్పా, చూస్తివా?" అనేవాడు. "చూస్తాండా" అనేవాణ్ణి. సాయంత్రం బస్సుకు తిరిగొచ్చేవాణ్ణి. ఇంట్లో పాట లేదని ఒక్కసారి కూడా గమనించలేదు. సిగ్గుగా ఉంది.

కర్మ అయిన మరునాడు పెద్దమ్మ ప్లేయరు మీది గుడ్డ తీసింది.

"నువ్వు చెప్పినాంక ఒక్క ప్లేటూ ఏయలేదు నాయనా. రెండు విత్తుల కాలాలు గడిచిపోయినాయి. 'వాడు చూస్తాండాడు, చెప్తాడు, అంతవరకు అరగ్గొట్టొద్దు' అనేవాడు. చివరి దినాల్లో ఒక పద్యమన్నా పెడతానంటే చెయ్యి అడ్డం పెట్టినాడు."

ఉన్న ముల్లుతో వేసుకున్నా ఆ ప్లేట్లకు పెద్ద నష్టమేమీ లేదు. కాస్త గరగర, అంతే. ఆ సంగతి నాకు తెలుసు. మొదటి నుంచీ తెలుసు.

పెద్దమ్మ ట్రంకు పెట్టె తెరిచి ఒక ప్లేటు తీసింది.

"ఇప్పుడేస్తే అరుగుతాదా?"

"అరగదు పెద్దమ్మా."

ఆమె నా మొహంలోకి చూసింది. ప్లేటు ఒళ్లో పెట్టుకుని, దుమ్ము లేని చోటే కొంగుతో తుడుస్తూ కూర్చుంది.