ఉత్తమ కాలనీలో చెంబెడు నీళ్ళు

బతకడానికి ఏ ఊరు మంచిది, ఏ కాలనీ మేలు అని పేపర్లలో ర్యాంకులు వేస్తుంటారు చూడండి, అవి కంటపడినప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. పార్కు ఉందా, రోడ్డు ఎంత వెడల్పు, గేటు దగ్గర వాచ్‌మన్ సెల్యూట్ కొడతాడా, ఇవీ వాళ్ళ కొలతలు. మంచి బతుకును కొలిచే అలాంటి మహానుభావులను నేను దగ్గరి నుంచే చూశాను. మా ఇంట్లో కూర్చుని, మా చేతి నీళ్ళు తాగి, మాకు మొదటి ర్యాంకు ఇచ్చి పోయారు.

తొంభైల నడుమ సంగతి. పటాన్‌చెరు దాటాక, ఫ్యాక్టరీల వెనక మా కాలనీ. నేను కోడలిగా వచ్చేనాటికి అదంతా మా అత్తగారి వాళ్ళ జొన్నచేను. మామగారు పోయాక చేను ప్లాట్లయింది. అంగట్లో ధాన్యం కొట్టు నడిపే సేటు వాటిని అమ్మిపెట్టాడు. అమ్మిపెట్టినవాడే కాలనీ సంఘానికి అధ్యక్షుడూ అయ్యాడు. మాకు మిగిలింది గేటు పక్కన ఇల్లు, ఇంటి వెనక చేదబావి.

పెళ్ళయిన కొత్తలో ఆ బావి నీళ్ళు ఎంత బాగుండేవంటే, ఎండాకాలం జోగిపేట బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా మా గడప దాకా వచ్చి తాగి పోయేవాళ్ళు. ఆ తర్వాత ఫ్యాక్టరీలు వదిలిన నీళ్ళు నేలలో ఎటు ఇంకాయో, బావి రంగు మారింది. అన్నం వండితే పసుపు కలిపినట్టు వచ్చేది. స్నానం చేస్తే ఒళ్ళంతా దురద. కాలనీలో ఎవరి బోరు చూసినా అదే కథ. తాగడానికి ట్యాంకరే దిక్కు. అది వచ్చినప్పుడు వచ్చినట్టు, రానప్పుడు మా ఖర్మ.

మా అత్తగారికి ఈ దురద ఒక లెక్క కాదు. మా వైపు ఇంటికి ఎవరొచ్చినా ముందు చెంబుతో నీళ్ళు ఇవ్వాలి. ఎందుకొచ్చారో అడగడం ఆ తర్వాతే. పగవాడు వచ్చినా అంతే. బావి చెడిపోయాక ఆవిడ తన ఇత్తడి చెంబును అటక మీద బోర్లించేసింది. చుట్టం గడప తొక్కితే చాలు, ఏదో పని ఉన్నట్టు పెరట్లోకి తప్పుకునేది.

"నీళ్ళియ్యలేని ఇల్లు ఇల్లెట్లయితది బిడ్డా. గది గొడ్ల కొట్టమే," అనేది నాతో.

ఆవిడకు నగలు అక్కర్లేదు, తీర్థయాత్రలు అక్కర్లేదు. మంజీర నది నీళ్ళ పైపు మా గేటు దాకా రావాలి, చెంబు కిందికి దిగాలి. అంతే.

ఆ ఏడు పైపు ఒక దిక్కుకు మాత్రమే పొడిగిస్తారని, నీళ్ళకు ఎక్కువ తిప్పలు పడేవాళ్ళకే ఇస్తారని కబురొచ్చింది. సరిగ్గా అప్పుడే చుట్టుపక్కల సంఘాలన్నీ కలిసి 'ఉత్తమ కాలనీ' పోటీ పెట్టాయి. చూడటానికి వచ్చేది ముగ్గురు: ఒక రిటైరైన ఇంజనీరు, ఒక కాలేజీ ప్రిన్సిపాలు, నీళ్ళ ఆఫీసు అధికారి ఒకరు. పైపు ఎటు పోవాలో రాసేది ఆ మూడోవాడే.

మెదడున్నవాళ్ళయితే ఏం చేస్తారు? ఆ అధికారి చేతికి బావి నీళ్ళు గ్లాసుతో అందిస్తారు. మా కాలనీ పెద్దలకు అది ఉంటే కదా. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత. సేటుకు ఇంకా అమ్ముడుపోని ప్లాట్లున్నాయి. దారి పొడవునా రాళ్ళకు సున్నం కొట్టించాడు, క్రోటన్ మొక్కలు నాటించాడు. మా బావి మీద బండలు పరిపించి దానిపైన పూలకుండీలు పెట్టించాడు. మీటింగులో నేను పైపు మాటెత్తితే నా వైపు జాలిగా చూశాడు.

"మొదటి ర్యాంకొస్తే పైపు దానంతటదే ఉరికొస్తదమ్మా. మంచిగున్నోనికే సర్కారు ఇంకింత జేస్తది. ఏడ్చెటోనికి ఎవడిస్తడు?"

అందరూ తలలూపారు. ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్లు, బ్యాంకు ఉద్యోగులు, చదువుకున్నవాళ్ళు. ఇంటికి పోయి మళ్ళీ ఒళ్ళు గోక్కునేవాళ్ళే.

వాళ్ళు వచ్చే రోజు పొద్దున్నే సేటు ఎక్కడి నుంచో తియ్యటి నీళ్ళ ట్యాంకర్ తెప్పించి మా ఇంటి మీది ట్యాంకు నింపించాడు. తర్వాత మా అత్తగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పెద్దమ్మా, సార్లు ముందు మీ ఇంట్లనే కూసుంటరు. ఈ భూమి మీది. మీ చేతితోని నీళ్ళియ్యాలె."

అతను అటు పోగానే నేను ఆవిడను వంటింట్లోకి లాక్కుపోయాను. "అత్తమ్మా, బండ జరిపి బాయి నీళ్ళు తోడుకొస్తా. అవే ఇద్దాం. ఒక్క గుటక తాగితే చాలు, ఆయనే పైపు రాస్తడు."

ఆవిడ నన్ను పరాయిదాన్ని చూసినట్టు చూసింది. "ఇంటికొచ్చినోనికి గసొంటి నీళ్ళిస్తమా? నీకు మీ అమ్మ గిట్లనే నేర్పిందా?"

అటక మీది చెంబు దించింది. చింతపండు వేసి తోమింది. ఎన్నాళ్ళ తర్వాతో ఆవిడ ముఖంలో కళ చూశాను. దాంతో బావి మాట వదిలేశాను.

ముగ్గురూ వచ్చారు. ఇంజనీరు కరెంటు స్తంభాలు లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. ప్రిన్సిపాలు మా కుర్చీని జేబురుమాలుతో తుడుచుకుని మరీ కూర్చుంది. మా అత్తగారు కొంగు సర్దుకుని చెంబు అందించింది. అధికారి ఎత్తిన చెంబు దించకుండా తాగాడు.

"ఎంత తియ్యగా ఉన్నాయమ్మా. ఇంకొంచెం ఇవ్వండి."

నేను ఆగలేకపోయాను. "సార్, ఇవి ట్యాంకర్ నీళ్ళు. మా నీళ్ళు ఆ పూలకుండీల కింద ఉన్నాయి," అన్నాను.

సేటు పకపకా నవ్వాడు. "కోడలమ్మకు పరాచికాలెక్కువ సార్." అందరూ నవ్వారు. మా అత్తగారు మాత్రం, వచ్చినవాళ్ళు తాగుతుంటే మధ్యలో ఆ మాట అన్నందుకు, సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

మొదటి ర్యాంకు మాదే. సేటుకు శాలువా కప్పారు. గేటు మీద పచ్చ రంగు బోర్డు లేచింది. పైపు మాత్రం ఉరికి రాలేదు. మేమిద్దరం నీళ్ళ ఆఫీసుకు పోతే, ఆ అధికారి మా అత్తగారిని చూడగానే లేచి నమస్కారం పెట్టాడు. మర్యాదకేం తక్కువ లేదు.

"మీకు నీళ్ళు బాలేవంటే ఎట్లా నమ్మమంటారమ్మా? మీ చేత్తోనే ఇచ్చారు కదా, రెండు చెంబులు తాగాను. ఉత్తమ కాలనీకి పైపు ఇస్తే జనం నా ముఖాన ఉమ్మరా?"

ఆవిడ లేచి బయటికి నడిచింది. బస్సులో కిటికీ వైపు తిరిగి, కొంగుతో ముఖం కప్పుకుని కూర్చుంది. నాకు ఆవిడ మీద కాదు కోపం. ఒక ముసలమ్మ మర్యాదను కూడా ప్లాట్ల బేరానికి వాడుకున్న ఆ సేటు మీద, తల ఊపిన ఆ చదువుల మీద. థూ అనాలనిపించింది. బస్సులో ఉన్నానని ఆగాను.

పైపు కాలువ అవతలి రేకుల బస్తీకి పోయింది. బిహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చి కొలిమిల దగ్గర పనిచేసే కూలీలుండే చోటు. పోటీలో ఆఖరి ర్యాంకు దానిదే. అక్కడ ఆ ముగ్గురూ జీపు కూడా దిగలేదట.

ట్యాంకర్ రాని ఒక రోజు మేం బిందెలు పట్టుకుని అక్కడికే పోయాం. నల్లా దగ్గర గిన్నెలు తోముకుంటున్న ఒకామె మా అత్తగారిని చూసి చేతులు కడుక్కుంది. పరుగున పోయి మంచం వాల్చింది. మేం నల్లా కింద బిందె పెట్టబోతే పెట్టనివ్వలేదు. స్టీలు లోటా నింపి తెచ్చింది.

"పహలే పానీ పీ లో, మాజీ. బిందె తర్వాత."

మా అత్తగారు లోటా రెండు చేతులతో పట్టుకుంది. తాగుతుంటే కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు, చేతులు ఖాళీ లేవు.

ఇంటికి రాగానే ఆవిడ ఆ నీళ్ళలోంచి ఒక చెంబు నింపి, మూత పెట్టి, గడప పక్కన పెట్టింది. మమ్మల్ని ముట్టనివ్వలేదు. మర్నాడు మొదట గడప తొక్కింది సేటే. గేటు మీది బోర్డుకు లైట్లు పెట్టించాలని చెప్పడానికి వచ్చాడు. నేనైతే తలుపు ముఖాన వేసేదాన్ని. ఆవిడ చెంబు అందించింది.

అతను గటగటా తాగి మూతి తుడుచుకున్నాడు. "మస్తు తియ్యగున్నయ్ పెద్దమ్మా. ఏడియి గీ నీళ్ళు?"

"ఆఖరి ర్యాంకోల్లయి సేటూ," అంది మా అత్తగారు. "ఇంకింత తాగుతవా?"