బజారులో పంచిన పంపు

ఆవపల్లి చుట్టుపక్కల పొజ్జా పేరు తెలియని ఇల్లు లేదు. ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివి, దోర్లీ, తెలుగు, హిందీ మూడింటిలోనూ ఆఫీసర్లతో మాట్లాడగలిగినవాడు ఆ రోజుల్లో అతనొక్కడే. ఊరికి బోరింగు వేయించింది అతను. కొత్త చెరువుకు కట్ట పోయించింది అతను. పురిటి నొప్పులు పడుతున్న ఊరి ఆడపడుచు ఆయతిని మంచం మీద పడుకోబెట్టి, వాగు దాటించి బీజాపూర్ దవాఖానాకు మోసినప్పుడు, మిగతావాళ్లు వంతులు మార్చుకున్నా ముందువైపు మంచం కోడును భుజం దించకుండా మోసినవాడు అతనే. ఎవరైనా మరిచిపోతే తనే గుర్తు చేసేవాడు. చేసినవాడు చెప్పుకుంటే తప్పేముంది?

అలాంటి మనిషి ఇప్పుడు ఇంటి నుంచి కళ్లం దాకా పోవాలంటే నడుమ ఒకచోట కూలబడాలి. చిన్నప్పటి నుంచి చుట్ట. ప్రతి ఎండాకాలం ఇప్పపూలు ఏరడానికి చెట్ల కింద ఆకులు తగలబెడితే లేచే పొగ. వానాకాలమంతా ఇంట్లో పొయ్యి పొగ. అన్నీ కలిసి ఛాతీలో పేరుకున్నాయి. దగ్గీ దగ్గీ అలిసిపోయి, మాట మొదలుపెట్టినా ముగించే ఓపిక లేక ఊరుకునేవాడు. మాటకారి పొజ్జా ఊరుకోవడం చూసి భార్య కోసికి భయమేసింది. బతిమాలి బీజాపూర్ తీసుకుపోయింది.

అక్కడ నర్సు రాజ్యశ్రీది భద్రాచలం వైపు. గొట్టంలోకి ఊదించి చూశాక డాక్టరు చెప్పిందంతా ఆమె తెలుగులో విడమరిచి చెప్పింది.

"గాలి లోపలికి పోక కాదు తాతా, పోయింది బయటికి రాక నీకు ఆయాసం. ఛాతీలో గాలి గొట్టాలున్నయి. వాటి చుట్టూ కండ బిగుసుకుపోయి దారి ఇరుకైంది. నోట్లో పెట్టుకుని నొక్కి పీల్చే ఈ పంపు మందు ఆ కండను వదులు చేస్తది. కాసేపట్లో గొట్టాలు విప్పుకుంటయి. కొన్ని గంటలే ఉంటది. రోజూ పొద్దున చిన్న మరలో పెట్టి పొడి పీల్చే గుళిక వేరే, దాన్ని మానొద్దు."

"మరి జబ్బు పోతదా బిడ్డా?"

"పాడైంది పాడైనట్టే ఉంటది. ఉన్నదాంతో నడిచేటట్టు చేస్తది. చుట్ట ముట్టొద్దు."

పొజ్జా చుట్ట మానేశాడు, అదీ ఒక్క మాటతో. దాన్ని కూడా తన ఘనకార్యాల్లో చేర్చుకున్నాడు. పంపు పీల్చి, ఊపిరి బిగబట్టి, మెల్లగా వదిలితే మళ్లీ వారం వారం ఆవపల్లి బజారుకు పోగలిగాడు.

చిక్కు అక్కడే వచ్చింది. ఆ బజారులో పెద్దమనుషులు ఒకచోట కూర్చుంటే ముందు పొగాకు డబ్బా తీసి చుట్టూ తిప్పాలి. ఆ తర్వాతే మాట. అడిగినవాడికి లేదన్నవాడి పక్కన మళ్లీ వారం ఎవరూ కూర్చోరు. ఎప్పుడూ పెద్ద డబ్బా పొజ్జాదే. ఇప్పుడు అతని చేతిలో పంపు తప్ప ఏమీ లేదు. సన్న అని, భార్య తమ్ముడు, దగ్గుతూ చెయ్యి చాచాడు.

"బావా, పొగాకు లేకపోతే పాయె, అదన్నా ఒక దమ్ము ఇయ్యరాదు?"

పొజ్జా ఇచ్చాడు. సన్న రెండు సార్లు నొక్కి పీల్చాడు. కాసేపటికి చేతులు వణికాయి, గుండె దడదడలాడింది.

"దీంట్ల ఇప్పసారా పోసిన్రా ఏంది బావా!"

అందరూ నవ్వారు. పంపు చుట్టూ తిరిగింది. దగ్గు ఉన్నవాడూ పీల్చాడు, లేనివాడూ పీల్చాడు. వారం వారం అదే తంతు. తన డబ్బా మళ్లీ తిరుగుతున్నంత సంబరం పొజ్జాకు.

విత్తనాలు చల్లే రోజుల్లో ఒక పూట పొలం గట్టు మీదే ఆయాసం పట్టుకుంది. పంపు నొక్కాడు. బుస్సుమంది. మళ్లీ నొక్కాడు. బుస్సుమంది. గొంతుకు చల్లగా తగిలిందే గానీ ఛాతీ విప్పుకోలేదు. పెదాలు నల్లబడ్డాయి. కోసి కేకలకు పక్క పొలం నాగరాజు మోటారు సైకిలు తెచ్చాడు; అతనూ కోసీ తమ నడుమ కూర్చోబెట్టుకుని బీజాపూర్ చేర్చారు.

మాస్కు పెట్టి మందును ఆవిరిలా పట్టించాక గానీ మనిషి తేరుకోలేదు. రాజ్యశ్రీ పంపు ఊపి చూసింది.

"దీంట్ల మందు ఎప్పుడో అయిపోయింది తాతా. తోసే గాలి మిగిలింది, అదే బుస్సుమంటుంది. నెలల తరబడి రావాలె గదా, ఎవరికిచ్చినవ్?"

"ఎవరికియ్యలేదో అడుగు బిడ్డా, జల్ది చెప్తడు. దగ్గే మా తమ్మునికి గూడ ఇచ్చిండు," అంది కోసి.

"నోరు తెరిచి అడిగినోన్ని లేదంటానా?" అన్నాడు పొజ్జా.

"ఇది పొగాకు కాదు తాతా. ఒకరు నోట్లో పెట్టుకున్నది ఇంకొకరు పెట్టుకుంటే రోగాలు అంటొచ్చు. గుండె బాగలేనోడు పీలిస్తే ప్రాణం మీదికి వస్తది. నీ బావమరిది దగ్గు ఏం దగ్గో ఎవరికి తెలుసు? చూపించుకోమను. ఇంకోసారి ఖాళీ పంపుతో పొలానికి పోతే ఇక్కడి దాకా రావు."

కొత్త పంపుతో ఇంటికి వచ్చాడు. రెండు వారాలు బజారు మానేశాడు. మూడో వారం పోయాడు. జీపు దిగి సంతలోకి నడిచేసరికే ఒళ్లంతా పీల్చి పిప్పి చేసినట్టయింది. అందరి ముందూ పంపు పీల్చి, మూత పెట్టి, జేబులో పెట్టుకున్నాడు. సన్న చెయ్యి చాచాడు.

"ఇయ్యను," అన్నాడు పొజ్జా.

ఒకడు తన పొగాకు డబ్బా తీసి పొజ్జాను దాటించి అవతలివాడికి అందించాడు.

"దమ్ముకు గూడ కక్కుర్తేనా బావా? ముసలితనం వచ్చిందిలే," అన్నాడు సన్న.

"వచ్చింది. పొలంల చచ్చి బతికిన. నీ దగ్గు నాకంటె బరువుగ ఉంది. రేపు నాతో బీజాపూర్ రా, ఊదించి చూస్తరు. నీకు పంపు కావాలంటే నీది నీకిస్తరు. నాది మాత్రం ఇయ్యను."

సన్న విసురుగా లేచి అవతలి గుంపులోకి పోయాడు. పక్కన ఖాళీ అయిన చోటు వైపు పొజ్జా చూడలేదు. ఊరికి చేసిన పనులన్నీ ఏకరువు పెడదామనిపించింది గానీ, అన్ని మాటలకు సరిపడా ఊపిరి లేదు. మోకాళ్ల మీద మోచేతులు ఆనించి, పెదాలు సున్నాలా చుట్టి, లోపలి గాలిని కొంచెం కొంచెంగా బయటికి వదులుతూ కూర్చున్నాడు.

చాలాసేపటికి వెనక నుంచి దగ్గు వినిపించింది. తర్వాత సన్న గొంతు, ఇంకా కోపంగానే:

"రేపు పొద్దున ఎన్నింటికి పోవాలె?"